జాజు దారం

"ఇదేం బొమ్మ?" అని అడిగేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. కింద ఎరుపు, పైన తెలుపు, రెండింటి మధ్య కత్తితో కోసినట్టు ఒక అంచు. నా కాన్వాస్ మీద ఉండేది అంతే.

ఆ అంచు మా అవ్వ నేర్పింది. ఆసిఫాబాద్ దగ్గర మా మట్టి ఇంట్లో పండగ ముందు గోడలకు సున్నం వేసి, అది ఆరాక కింద మూరెడు ఎత్తున జాజు, అంటే ఎర్రమట్టి, పూసేది. ముందుగా జాజులో ముంచిన దారాన్ని ఒక కొస తను, ఒక కొస నేను పట్టుకుని గోడకు బిగించేవాళ్లం. అవ్వ రెండో చేత్తో దాన్ని లాగి వదిలితే గోడ మీద ఎర్రటి గీత పడేది. ఒకసారి నా కొస జారి గీత వంకరపోయింది. అవ్వ తిట్టలేదు. "ఫికర్ చెయ్యకు బిడ్డా, మల్ల గీద్దాం" అని మళ్లీ సున్నం వేసి, అది ఆరేదాకా నా పక్కనే కూర్చుంది. తడి సున్నం మెల్లగా తెల్లబడడం ఆ రోజే మొదటిసారి చూశాను.

ఇప్పుడు కరీంనగర్‌లో ఒక్కదాన్నే ఉంటూ, దారం బదులు టేపు అంటించి రంగు వేస్తాను. మొన్న అవ్వ వచ్చినప్పుడు కాన్వాస్ మీంచి టేపు ఒలిచి చూపించాను. ఏం బొమ్మని అడగలేదు. అంచు పొడవునా గోరుతో తడిమింది.

"సక్కగ వచ్చింది. రెండో కొస ఎవలు పట్టుకున్నరు బిడ్డా?" అంది.