నాలుగు గళ్ళ గోడ

మీరు బొమ్మల పేజీలో దొరకే పెద్ద గడి ఇస్తున్నారు. పిల్లల పుస్తకాలకు బొమ్మల కథలు గీసే మీరూ, వాటిని మెచ్చుకుంటూ కొనుక్కెళ్ళే మీరూ... పేజీలో సగం జమీందారు మీసాలకూ గుర్రానికీ పోతుంది. మూట మోసేవాడు అడుగున ఓ మూల, అగ్గిపెట్టెంత చోట ఇరుక్కుంటాడు. "పేజీ అందంగా రావాలి కదండీ" అంటారు. ఆ అందం ఎవరు నేర్పారో నాకు తెలుసు.

మా చిన్నప్పుడు... సూర్యాపేట పక్కన మా ఊళ్ళో, అరుగు మీది సున్నపు గోడకు చిన్నమ్మ బొగ్గుతో గళ్ళు గీస్తోంది. బొగ్గులు అందించే పిల్లను నేను.

అంతకు ముందురోజే చిన్నాయిన వెట్టికి పోయాడు. దొర బియ్యం మూట మిర్యాలగూడలో ఆయన చుట్టాలింటికి మోయాలి. కూలి లేదు, కూడు లేదు. సగం దారిలో మూట దింపేసి ఇంటికొచ్చేశాడు. ఇప్పుడు మా నెత్తి మీదే, అరుగు పైనున్న అటకలో, గడ్డిలో దాక్కుని ఉన్నాడు.

కలుపుకు పోయే ఆడవాళ్ళు మా అరుగు దగ్గర ఆగి నీళ్ళు తాగేవాళ్ళు. వాళ్ళకు ఈ సంగతి తెలియాలని చిన్నమ్మ పట్టుదల. నోటితో చెబితే దొర చెవిన పడుతుంది. "బొమ్మకు నోరు లేదు గదనే" అంది.

ఎడమ చివర గడిలో చిన్నాయిన దొర కాళ్ళ దగ్గర వంగి ఉన్నాడు. రెండో దాంట్లో మూట మోస్తున్నాడు. మూడో దాంట్లో మూట నేల మీదుంది. నాలుగో దాంట్లో కర్ర పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు... ఆ గడి మాత్రం చూరు దాకా పోయింది.

పైన రెండు, కింద రెండు వేద్దామన్నాను నేను.

"కింద అంత జాజు పూసిన్నే. ఎర్రటి దాని మీద బొగ్గు ఏం కనవడ్తది? ఒక్క వరసలనే రావాలె."

బొగ్గు కింద పెట్టామో లేదో, దొర మున్షీ వచ్చి నిలబడ్డాడు.

"ఏడున్నడే నీ మొగడు?"

చిన్నమ్మ బొగ్గు చేతులు కొంగుకు తుడుచుకుంది. మున్షీ చూపు గోడ మీద పడింది... చేతికర్ర ఎత్తాడు. అయిపోయింది అనుకున్నాను.

మున్షీది ఉర్దూ చదువు. కుడి నుంచి ఎడమకు చదివే అలవాటు. కర్ర తీసుకెళ్ళి కుడి చివర పెట్టాడు.

"గీడ కర్ర వట్టుకొని మిడిసిపడ్డడు... మూట కింద పడేసిండు... మళ్ళ బుద్ధొచ్చి నెత్తికెత్తుకున్నడు... ఆఖరుకు దొర కాళ్ళ మీద పడ్డడు. శభాష్! అంటే మాఫీ అడుగుతడన్నట్టు?"

"అడుగుతడు మున్షీ సాబ్... సుట్టాలింటికి పోయిండు. రాంగనే తోలిస్త."

సరిగ్గా అప్పుడే అటక సందులోంచి ఒక గడ్డిపోచ జారి అతని టోపీ మీద వాలింది. మున్షీ నా వైపు తిరిగాడు.

"ఏమే పోరీ, మూటలు మోసేటోనికి గంత పెద్ద డబ్బానా? దొరకు గింతంతదా? దొర డబ్బా పెద్దగ గియ్యి. నేన్ సూస్త."

గీశాను... లంగా తడిసిపోయింది. టోపీ మీద గడ్డిపోచ కదులుతూనే ఉంది.

"గీత వంకర వోతాందేందే? గంజి తాగలేదా?" అని నవ్వి, "పొద్దుగాల బంగ్లకు రమ్మను వాన్ని" అంటూ వెళ్ళిపోయాడు. ఇల్లు వెతకనే లేదు.

చిన్నమ్మ అక్కడే కూలబడింది. "అటు దిక్కు నుంచి సూస్తడని నాకేమెరుక బిడ్డా... ఇటు నుంచి సూస్తే అటకకు నిచ్చెన ఏస్తుండె" అంటూ తడిగుడ్డ తెచ్చి, నేను గీసిన దొర గడినే ముందు తుడిచేసింది.

చీకటి పడగానే చిన్నాయిన కోదాడ దిక్కు వెళ్ళిపోయాడు. దొర ఊరొదిలాకే తిరిగొచ్చాడు.

ఆ అరుగూ లేదు, ఆ మున్షీ లేడు. గడ్డిపోచ రాలితే మాత్రం ఇప్పటికీ తలెత్తి పైకి చూస్తాను... నేను భయపడి గీశాను. మీ వెనక కర్ర పట్టుకుని ఎవరున్నారని అలా గీస్తున్నారు?

నేను అడిగేవి ఇవి:

మూట మోసేవాడికి పెద్ద గడి ఇవ్వండి.

దొర గుర్రాన్ని కుదించండి.

మూట దింపిన క్షణాన్ని పేజీ అడుగుకు నెట్టకండి.

మీ ఇంటి గోడల మీద మీ అమ్మలు, చిన్నమ్మలు ఏం గీశారో, ఎవరికి భయపడి తుడిచేశారో రాయండి.