నొప్పి పడేవాణ్ణే అడగండి

మా పక్కింటి మామ పోయాడు. పోయిన వారం, ఆళ్లగడ్డలో, తన ఇంట్లో, తన మంచం మీదే పోయాడు. చూడ్డానికి వచ్చిన ఒక పెద్దమనిషి, ‘హైదరాబాదుకు తీసుకుపోయుంటే ఇంకో నాలుగు నెలలు ఉండేవాడు’ అన్నాడు, అత్తకు వినపడేలా. ఆ మాటకు జవాబు చెప్పకుండా ఊరుకోలేను.

మామ నంద్యాల–ఆళ్లగడ్డ బస్సులో కండక్టరు. మేం కాలేజీకి పోయింది ఆ బస్సులోనే. మామిడిపండ్ల బుట్టలు, మహానంది నుంచి తడిబట్టలతో వచ్చే భక్తులు, ఆ రద్దీ మధ్యలోంచి ఆయన కేక: “వాకిట్లో ఏమన్నా పెండ్లి జరుగుతాందా? లోపలికి జరగండప్పా!”

టికెట్టు ఎవరిదైతే వాళ్లనే అడిగేవాడు. ఒకసారి శిరివెళ్లలో ఎక్కిన ముసలామెను “యాడికవ్వా?” అంటే, పక్కనున్న కొడుకు జవాబు చెప్పబోయాడు.

“ఆమెకు నోరుంది గదప్పా. మీ ఇంట్లో ఆ నోరు పనిచెయ్యదేమో, నా బస్సులో పనిచేస్తాది.”

బస్సంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆ అవ్వే.

అటువంటి మనిషికి రిటైరయ్యాక ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ వచ్చింది, ఎముకలకు పాకింది. పలకరించడానికి వచ్చినవాళ్లు ఆయన తల దగ్గరే నిలబడి, “ఎట్లుండాడు? ఏమన్నా తింటాండాడా?” అని అత్తను అడిగేవాళ్లు.

“నన్నడుగప్పా. నేనింకా ఈడనే ఉండా,” అనేవాడు మామ. వాళ్లు ఇబ్బందిగా నవ్వి, మళ్లీ అత్తవైపే తిరిగేవాళ్లు. మన మర్యాద ఇదీ! రోగి పేరు మీద పండ్లు తెస్తాం, రోగితో మాత్రం మాట్లాడం.

నంద్యాల ఆసుపత్రికి నేనూ వెంట వెళ్లాను. హైదరాబాదులో ఇంకోసారి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించమని మామ కొడుకుతో చెబుతున్నాడు డాక్టరు. మామ అడ్డుపడ్డాడు.

“సారూ, ఆడికి పోతే బాగవుతాదా?”

డాక్టరు కొడుకువైపు చూశాడు.

“వాణ్ణి సూడొద్దు. నన్ను సూసి చెప్పు.”

డాక్టరు ఆయనవైపు తిరిగి, “బాగవదు పెద్దాయనా. కొన్నాళ్లు పొడిగించొచ్చు,” అన్నాడు.

“నొప్పికి మందుందా?”

“ఉంది.”

“అది రాయి. ఇంటికి పోతా.”

బయటికొచ్చాక కొడుకు ఏడ్చాడు. “ఊర్లో ఏమంటారు నాయనా? కొడుకు సూసుకోల్యా అంటారు.”

“ఊర్లోవాళ్లకు నొప్పి ల్యాదు గదరా,” అన్నాడు మామ, వాడి భుజం పట్టుకుని ఆటో ఎక్కుతూ.

డాక్టరు రాసిన ఆ నొప్పి మాత్ర ఆళ్లగడ్డలో దొరకలేదు. కొడుకు కర్నూలు పోయి తెచ్చేవాడు. బంధువులు దానికీ అడ్డుపడ్డారు, అలవాటైపోతుందని! పోయే మనిషికి ఏం అలవాటైతే ఏమయ్యా? పక్కకు తిరిగితే కేకపెట్టే మనిషి, ఆ మాత్రతో గోడకానుకుని కూర్చుని రాగిజావ తాగాడు. చక్కెర తక్కువైందని అత్తను తిట్టాడు. “ఇన్నాళ్లకు తిట్టినాడు,” అని ఆమె ఎంత సంతోషపడిందో!

పెద్దమనిషీ, మీరు చెప్పిన నాలుగు నెలలు ఎవరికోసం? ఆయనకోసమైతే, ఆయన్నెప్పుడైనా అడిగారా?

నేను చివరిసారి చూసినప్పుడు మామకు మాట రావడం లేదు. అత్త తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, రెండు చొక్కాలు తెచ్చి ఆయన ముందు పట్టుకుంది. ఒకటి తెల్లది, ఒకటి గళ్లది. “ఏదేసుకుంటావ్?” అంది. తొందరపెట్టలేదు. చేతులు నొప్పిపుట్టినా దించలేదు. చాలాసేపటికి దుప్పట్లోంచి మామ వేలొకటి బయటికొచ్చి, మెల్లగా, గళ్ల చొక్కావైపు లేచింది.