మూడు బారల గొంతు

ఏడుకొండలుకి ఈ లోకంలో ఏదీ నచ్చదు. అమ్మడానికి తెచ్చిన తన చేప అయితే అస్సలు నచ్చదు. బందరు పక్కన గిలకలదిండి రేవులో తన పడవ చేపకి తనే వేలంపాట పెట్టేవాడు, పెడుతూ ఆ చేపని తనే తిట్టేవాడు. పాట పెట్టేవాడు సరుకుని పొగడాలని రేవులో పిల్లికి కూడా తెలుసు. ఇతగాడికి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు.

"వీటిని కానాగంతలంటారు. చూడండి మొహాలు, పదో తరగతి మూడుసార్లు తప్పినట్టు. కొనేవాడికి కళ్ళు లేవు, అమ్మే నాకు సిగ్గు లేదు. కానివ్వండి పాట."

ఏం గొంతనుకున్నారు. ఈ చివర తిడితే ఆ చివర టీకొట్టు దగ్గర ఐసు లారీల వాళ్ళు గ్లాసు పట్టుకుని నవ్వేవాళ్ళు. వాళ్ళు మహా బద్ధకస్తులు. బల్ల మీంచి లేవరు, చెవులతోనే బేరం చేస్తారు. గొంతు విని సరుకు బాగుందనుకుంటే అక్కణ్ణుంచే పాట పెంచుతారు. ఏడుకొండలు గొంతు వింటే ఇంకో టీ చెప్పేవాళ్ళు.

భార్య సత్యవతికి తల కొట్టేసినట్టయ్యేది. "సొంత సరుకుని తిట్టుకునే మగాడు కృష్ణా జిల్లా మొత్తం మీద నువ్వొక్కడివేనయ్యా."

"మిగతావాళ్ళు అబద్ధాలకోర్లు."

పాపం ఆవిడకి మాత్రం ఏం ఒరిగింది? పెళ్ళిచూపుల్లో "పర్లేదు, ఇంతకంటే ఘోరమైనవి చూశాను" అన్నాడట. ముప్ఫై ఏళ్ళ కాపురంలో అంతకు మించిన మెప్పు ఆమెకి దక్కలేదు.

అలాంటి నోటికి రెండువేల నాలుగులో తాళం పడింది. ముందు చెయ్యి వణికింది, తర్వాత గొంతు లోపలికి పోయింది. పార్కిన్సన్స్ అన్నారు. పెదాలు తిడుతున్నట్టే కదిలేవి, మాట మాత్రం బయటికొచ్చేది కాదు. పాట పెట్టే పని మేనల్లుడు నాగబాబుకి పోయింది. వాడు వేలెడంత నెత్తళ్ళ చేపని కూడా పేరంటానికి పిలిచినట్టు పొగిడేవాడు. లారీలవాళ్ళు ఎగబడ్డారు. పోనీలే, ఇన్నాళ్ళకి ఇంటికి లక్ష్మి దారి కనుక్కుంది అనుకుంది సత్యవతి.

ఏడుకొండలు మాత్రం అన్నం మానేశాడు. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, "నాకు గొంతు కావాలి," అన్నాడు.

"ఇప్పుడెందుకయ్యా, తిట్టడానికా?"

"ఊఁ."

మందులకి వణుకు తగ్గింది గానీ గొంతు రాలేదు. చివరికి హైదరాబాదు తీసుకెళ్తే అక్కడ గాయత్రి అనే డాక్టరమ్మ చూసింది. "మెదడులో తీగలు పెట్టే ఆపరేషన్ ఉందండీ. వణుకుకి బాగుంటుంది, గొంతుకి నమ్మకం లేదు. ఒక్కోసారి ఇంకా పాడవుతుంది కూడా. కోత లేకుండా తల మీద అయస్కాంతం పెట్టి మెదడుని తట్టిలేపే పద్ధతిని పరీక్షిస్తున్నాం. పది రోజులు పెడదాం. ఎంత గొంతొస్తుందో నేను చెప్పలేను."

ఏడుకొండలు ఏదో గొణిగాడు.

"ఏమంటున్నారండీ?"

సత్యవతి సిగ్గుపడుతూ అప్పజెప్పింది. "దిక్సూచిలో ఉండేదీ అయస్కాంతమేనంటమ్మా. అయినా మా పడవ రెండుసార్లు దారి తప్పి నిజాంపట్నం పోయిందంట."

రోజూ తల దగ్గర ఆ యంత్రం టకటకా కొట్టేది. తర్వాత మైకు ముందు "ఆ" అనమనేవాళ్ళు. గొంతు కొలిచే మీటరు ముల్లు కదిలేది కాదు. ఆరోరోజు క్యాంటీన్ నుంచి చేపల పులుసొచ్చింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"ఇది ఐసులో ఒకసారి చచ్చింది, మసాలాలో రెండోసారి చచ్చింది."

పక్కగదిలోంచి డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. అది అయస్కాంతం మహిమో పులుసు మహిమో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. పదిరోజులయ్యేసరికి మాట మూడు బారల దూరం వినపడింది, అంతే. ఇంకో పది సిట్టింగులకి వస్తే పెరగొచ్చు అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చిన మర్నాడే రేవుకి బయల్దేరాడు. పడిపోతాడేమోనని సత్యవతి కూడా వెళ్ళింది. నాగబాబుని పక్కకి జరగమని ఏడుకొండలు రాశి ముందు నిలబడ్డాడో లేదో, గంపల్లో చేపలమ్ముకునే ఆడవాళ్ళు పదిమంది వచ్చి చుట్టూ కూర్చున్నారు. ముందున్న పెద్దింట్లమ్మ కళ్ళొత్తుకుంది.

"వచ్చావా అన్నా. నాలుగు నెలలుగా ఖాళీ గంపలతో పోతున్నాం."

"రేవు నిండా చేపలుంటే ఖాళీ గంపలేంటి?" అంది సత్యవతి.

"నాగబాబు పొగుడుతుంటే లారీలవాళ్ళు పాట మాకందకుండా లేపేస్తున్నారొదినా. అన్న తిడితే వాళ్ళు అటే కూర్చునేవాళ్ళు, చిన్న చేప రాశులన్నీ మాకొచ్చేవి. పెడన దాకా తిరిగి అమ్ముకుని పిల్లల్ని సాకాం. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. పడవ తనదే గనక నష్టమూ తనదేనని, ముప్ఫై ఏళ్ళు పక్కనున్న మనిషికి ఒక్కముక్క చెప్పలేదు. సత్యవతికి కోపమొచ్చింది, సిగ్గేసింది, ఆ మనిషి మీద ఎన్నడూ లేనంత ముద్దు కూడా వచ్చింది.

ఆయన ఇదేదీ విననట్టు నెత్తళ్ళని తిట్టడం మొదలెట్టాడు. వాటి వంశాన్ని, వాటిని పట్టిన వలని, కొనబోయే పెద్దింట్లమ్మని కూడా వదల్లేదు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అనడం కూడా అయిపోయి, పాట ముగిసి రాశి గంపలోకెక్కింది. టీకొట్టు దగ్గర వాళ్ళు పాట ఇంకా మొదలవలేదనుకుని చక్కెర తక్కువైందని పోట్లాడుకుంటున్నారు.

తిరిగొస్తూ సత్యవతి అడిగింది. "డాక్టరమ్మ ఇంకో పది సిట్టింగులకి రమ్మందిగా. వెళ్దామా?"

"వద్దే," అన్నాడు ఏడుకొండలు. "గంపల దాకా వినపడుతుంది, లారీల దాకా వినపడట్లేదు. ఇంతకంటే బాగుచేస్తే చెడిపోద్ది."