ట్యూబ్‌లైట్ కింద పచ్చ చుక్క

తిరుపతిలో మా ల్యాబు సీనియర్ అక్కది నగరి, మగ్గాల ఇల్లు. దేన్నయినా వేలితో తాకి "బాగా ఎండిందా?" అని అడిగేది. తలంటుకుని వచ్చిన మా జుట్టునూ వదిలేది కాదు.

గాజుబిళ్ల మీద పలచని పొరలు పూసి, కరెంటిచ్చి వెలిగించే ఆర్గానిక్ ఎల్.ఈ.డి.లు చేసేవాళ్లం. అవి చీకటి గదిలోనే కాస్త మినుకుమనేవి. మోకాళ్ల నొప్పులతో మా ప్రొఫెసరు సారు మేడ మీది ల్యాబుకు ఎక్కివచ్చేలోపు ఆరిపోయేవి. ఆయన "పోనీలేమ్మా" అని ట్యూబ్‌లైటు వేసి దిగిపోయేవారు.

ఒకరోజు అక్కకు మధ్యపొర మీద అనుమానం వచ్చింది. "పడుగుకు గంజి పెట్టి, ఎండకముందే నేస్తే పోగులు తెగవా? దీంట్లోనూ తడి ఉండాది" అంటూ బిళ్లను వేడిపలక మీద పెట్టింది. తాకితే పాడవుతుందని, చేతులు వెనక్కి కట్టుకుని మధ్యాహ్నం దాకా కాపలా కాసింది.

మిగతా పొరలు పూసి, గది చీకటి చేసి కరెంటిచ్చాం. పచ్చగా వెలిగింది! అక్క మెట్ల దాకా పరిగెత్తి "సార్, రాండి సార్!" అని కేకేసింది. సారు టీ ముగించి నింపాదిగా వచ్చారు. బల్ల చుట్టూ మూగిన మా వీపులు చూసి, "పోనీలేమ్మా" అని ట్యూబ్‌లైటు వేశారు.

పక్కకు జరిగాం. ఆ వెలుతురులోనూ పచ్చ చుక్క కనిపిస్తూనే ఉంది.

సరిగ్గా చూద్దామని సారు మళ్లీ స్విచ్చి మీద చెయ్యి వేశారు. అక్క ఎగిరి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆర్పొద్దండి సార్! ఇట్లే సూడండి. దీనికింక చీకటితో పన్లేదు!"