ల్యాబులో సంపెంగ వాసన

ఈ రోజు జగ్గయ్యపేటలో బస్సెక్కి, నందిగామ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మనవరాలు సుధ దగ్గరికి వెళ్ళాను. దానికి జలుబు. నా ముక్కుతో పనిపడిందట.

గాజుబుడ్డిలో బాదం వాసనేసే ఆల్డిహైడు, మిథనాలు, చిటికెడు పెల్లేడియం లోహప్పొడి ఉన్నాయి. ఆక్సిజన్ పంపితే ఎస్టరనే సువాసన పదార్థం తయారై వాసన మారాలి. ఈసారీ మారకపోతే పరిశోధన మానుకోమని దాని గైడు చెప్పేశాడు.

వాసన చూశాను. గుప్పున సంపెంగ! పోయినేడు చనిపోయిన మా అక్క జడ వాసన అచ్చంగా అదే.

"వచ్చిందే సుధా, సంపెంగ!"

అది ఆక్సిజన్ సిలిండరు వైపు చూసింది. "అమ్మమ్మా, నేనింకా ఆక్సిజన్ తిప్పనేలేదే?"

మళ్ళీ చూస్తే ఒట్టి బాదం వాసన.

తర్వాత ఆక్సిజన్ తిప్పింది. సాయంత్రానికి అసలు ఎస్టరూ వచ్చింది, సుధ పరిశోధనా నిలిచింది. కానీ అది ఏదో పళ్ళ వాసన, సంపెంగ కాదు.

మా అక్క బతికున్నప్పుడూ అంతే, కబురు లేకుండా ఊడిపడేది. తిరుగు బస్సు కిక్కిరిసి ఉన్నా నా పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు. నేను మాత్రం ఒక్క టిక్కెట్టే తీసుకున్నాను. తప్పంటారా?