బస్తా మీది పీటముడి

పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో మా ఆయన దుకాణం మూసి నన్ను ఎక్కడికీ తీసుకుపోలేదు. అలాంటి మనిషి మొన్నటి చలికాలంలో ఒక రోజు అన్నం తింటూ తింటూ, "రెండు రోజులు అడవిల చెక్క ఇల్లు తీసుకున్న. కార్ల పోదాం. జర గుట్టలు చూసొద్దాం" అన్నాడు. ఏదో ఉంది అనుకున్నాను.

వరంగల్‌లో మాది మిర్చి దుకాణం. బేరం ఆయనది, సరుకు పరీక్ష నాది. బస్తా మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి గుప్పెడు కాయ తీసి వాసన చూస్తాను. బరువు కోసం నీళ్లు చల్లిన కాయ పైన ఎంత నిగనిగలాడినా అడుగున ముక్కిపోతుంది. వర్ధన్నపేట నుంచి వచ్చే చిల్లర వ్యాపారులు "అక్క మంచిదన్నదా?" అని అడిగాకే బస్తా ఎత్తుకుంటారు. ఇంట్లో నా మాట ఎవరు విన్నా వినకపోయినా, బస్తాల పక్కన నా స్టూలు మీద కూర్చుని వద్దన్నానంటే ఆ సరుకు వెనక్కి పోవాల్సిందే.

దాచడమెందుకు, చెప్పేస్తాను. అంతకు ముందు దసరాకు వచ్చిన జ్వరంతో నాకు వాసన తెలియడం పోయింది. మిరప ఘాటుకు తుమ్ములొస్తాయి, కళ్లు మండుతాయి, వాసన మాత్రం రాదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ స్టూలు పోతుంది. చేతికి తగిలే చెమ్మను బట్టి, కాయ విరిగే చప్పుడును బట్టి నెట్టుకొచ్చాను.

దానికి తోడు ఇంకో చిక్కు. చూసిన బస్తాకు నేను సుతిలి తాడుతో జారుముడి వేస్తాను, ఒక్క లాగుకు ఊడొస్తుంది. భోజనం చేసి వచ్చి చూస్తే కొన్నిటికి పీటముడి ఉండేది. ఎవరో విప్పి మళ్లీ కడుతున్నారు. హమాలీలు కాయ తీస్తున్నారేమోనని నెల రోజులు వాళ్ల మీద కన్నేసి ఉంచాను. ఏమీ దొరకలేదు.

ములుగు దాటాక అడవి మొదలైంది. ఆయన కారు అద్దం దించి, "ఏం వాసన వస్తాంది?" అన్నాడు. చలికి నా చెవులు గడ్డకట్టాయి. "అడవి వాసన" అన్నాను. చెక్క ఇంటి వసారాలో టీ తాగుతుంటే, "ఇందుల ఏమేసిన్రు? అల్లమా, యాలకులా?" అని అడిగాడు. గొంతు దగ్గర చురుక్కుమంది కాబట్టి అల్లం అన్నాను. ఇన్నేళ్లూ టీలో ఏముందో చూడకుండా తాగిన మనిషికి ఇప్పుడీ ఆరా ఎందుకు?

కాసేపటికి దుకాణం నుంచి ఫోన్ వస్తే దూరంగా పోయాడు. నేను చెప్పులు వేసుకోకుండా వెనకే పోయాను. "ఆ బస్తా వాపస్ పంపు. ఆమెకు తెల్వద్దు" అంటున్నాడు. నన్ను పక్కకు తప్పించి ఇంట్లో ఉన్న కోడలిని ఆ స్టూలు మీద కూర్చోబెడతారన్నమాట. అందుకే ఈ గుట్టలు, ఈ మర్యాద.

మర్నాడు పొద్దున్నే గుట్టల రోడ్డు మీద పోయాం. మలుపు తిరిగినప్పుడల్లా కింద లోయ, మంచులో టేకు చెట్ల తలలు. బాగుందనే అంటారు చూసినవాళ్లు. నేను ఆయన ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఒక మలుపు దగ్గర తేనె సీసాలు పెట్టుకుని ఒకతను కూర్చున్నాడు. మా ఆయన ఒక సీసా మూత తీసి నా ముందు పట్టాడు. "నువ్వు చూడు."

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నీళ్లయినా, కిరోసినైనా నాకు ఒకటే. "అసలుదే" అన్నాను. ఆయన నా వైపు ఒక్క క్షణం చూసి, డబ్బులిచ్చి కొన్నాడు.

చెక్క ఇంటికి వచ్చేసరికి సీసా మూత కారుతోంది. ఆయన మూతి మీద కవరు చుట్టి, జేబులోంచి సుతిలి ముక్క తీశాడు. రెండు చుట్లు చుట్టి, పంటితో బిగించి, కట్టాడు. పీటముడి. నెల రోజులు నేను వెతికిన మనిషి నా ఎదురుగానే కూర్చున్నాడు.

"బస్తాలు విప్పుతున్నది నువ్వేనా?" అన్నాను.

సీసా పక్కన పెట్టాడు. "దీపావళి సంది. నువ్వు అన్నం తినపోయినంక."

"ఎన్ని తప్పినయి?"

"నాలుగు. నీకు తెల్వకుంట వాపస్ పంపిన."

"నన్ను అడగొచ్చు గదా."

"దుకాణంల ఎట్లడగాలె, అందరుంటరు. ఇంట్ల కోడలుంటది. ఈడికి తీస్కొచ్చినంక గూడ నోరు రాలే."

ఏడుపు వచ్చింది, అంతకు ముందు కోపం వచ్చింది. "నా ముడి లెక్కనే వేస్తే నాకు తెల్వకపోవు గదా."

"నీ ముడి నాకు రాదు" అన్నాడు.

ఇన్నేళ్లు పక్కన నిలబడి ఒక ముడి నేర్చుకోలేదు. సుతిలి లాక్కుని నేర్పించాను. మూడోసారికి కుదిరింది. అప్పుడు సీసా గుర్తొచ్చింది.

"ఈ తేనె?"

"బెల్లం పాకం. మూత తీసినప్పుడే తెలిసింది."

"మరెందుకు కొన్నవు?"

"నువ్వు అసలుదన్నవు గదా" అన్నాడు.