గులాబి తల బాతుకు నేనే సాక్షిని

ఆ రోజుల్లో నా పేరు అచ్చులో చూసుకోవాలన్న తహతహ నాకో జబ్బులా ఉండేది. ఇరవై రెండేళ్ల వయసు, ఆమదాలవలస బళ్లో తాత్కాలికపు మేష్టరు ఉద్యోగం, ముక్కుమీద కొత్త కళ్లజోడు. హెడ్మాస్టరుగారి దగ్గర అరువు తెచ్చిన పక్షుల పుస్తకంలో గులాబి తల బాతు బొమ్మ కింద, చాలా ఏళ్లుగా ఇది ఎవరికీ కనబడలేదని ఉంది. వలవేసి బాతులు పట్టి సంతలో అమ్ముకునే ముసలాయనకు ఆ బొమ్మ చూపించాను. ఊరంతా ఆయన్ని బాతుల మావ అనేవారు, ఆయన మాట మాత్రం ఎవరూ నమ్మేవారు కాదు. "ఇదేటి బాబూ, మొన్ననే సూసినాను. నాగావళి పక్క మడుగులో ఉన్నాది" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం వెళ్లాం. మావ చప్పుడు లేకుండా నడిచాడు. నేను (పంచె పాడవకుండా ఒక చేత్తో ఎత్తిపట్టుకుని మరీ) నాలుగడుగులు వేసి బురదలో బోర్లా పడ్డాను. "అదుగో, రెల్లు పక్కన! తల తామరపువ్వులాగుంది, సూడు... అయ్యో, ఎగిరిపోతన్నాది!" అని మావ గుసగుసలాడుతుంటే, నేను కళ్లజోడు మీది బురదను పంచెకొంగుతో, అంటే మరింత బురదతో, తుడుచుకుంటున్నాను. రెక్కల చప్పుడు మాత్రం విన్నాను. "సూసినావా బాబూ?" అన్నాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "చూశాను మావా" అన్నాను. ఆ సాయంత్రమే, మద్రాసులో పక్షుల మీద పరిశోధన చేసే ఒక పెద్దమనిషికి "స్వయంగా చూశాను" అని ఉత్తరం రాశాను. మావ పేరు రాయలేదు.

నెల తిరిగాక జవాబు వచ్చింది. "ఎర్ర తల బాతును చూసి చాలామంది పొరబడతారు. ఎగిరినప్పుడు రెక్కల అడుగున తెలుపా, గులాబియా? గులాబి అయితే వెంటనే మనిషిని పంపుతాను." పుస్తకం బొమ్మలో బాతు కూర్చునే ఉంది, రెక్కల అడుగు కనబడదు. మావను అడుగుదామని పరుగెత్తాను. గుడిసె ముందు ఆయన భార్య ఒక్కతే ఉంది. చలిజ్వరంతో మావ పోయి పన్నెండు రోజులైందట. "రెక్కల కింద రంగేమిటో నీకు చెప్పాడా అత్తా?" అని అడిగేశాను (అంతటి బుద్ధిమంతుణ్ణి). ఆవిడ తెల్లబోయింది. "నాకేటి తెలుస్తాది బాబూ? నువ్వు సూసినావు కదా! మేష్టరుబాబు కూడా సూసినాడు, ఇంక నన్ను అబద్ధాలకోరని ఎవుడంటాడని, జొరంలో కూడా మురిసిపోనాడు మా ముసలోడు."

రెండు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. నేను చూడలేదు, చూసినవాడు పోయాడు అని రాయాలి. అది రాయలేకపోయాను. బాతులకు అడుగున తెలుపే ఉంటుంది కదా అనుకుని, గుండ్రటి దస్తూరీతో "తెలుపు" అని రాసి పంపాను. "అయితే అది మామూలు ఎర్ర తల బాతే. శ్రమకు కృతజ్ఞతలు" అని కార్డు వచ్చింది. మనిషి రాలేదు. గులాబి తల బాతుకు రెక్కల అడుగు కూడా గులాబే అని ఆ తర్వాత ఎప్పుడో మరో పుస్తకంలో చదివాను.

నేను ఆ ఊరు వదిలేదాకా, సంతలో కనబడినప్పుడల్లా ఆవిడ పక్కవాళ్లకు నన్ను చూపించి "మా ముసలోడు సూసిన పిట్టని సూసినది ఈ బాబే" అనేది. నేను నమస్కారం పెట్టి, ఏదో తొందర పని ఉన్నట్టు గబగబా వెళ్లిపోయేవాణ్ణి. ఆ కళ్లజోడు కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కాస్త ఆగరా, ఆవిడ పక్కన రెండు నిమిషాలు కూర్చోరా అని చెప్పాలనిపిస్తుంది. వాడు వినడు. వాడికి బడి గంట కొట్టే వేళైంది.